కీర్తిశేషులు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు

క్రిందటి వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము మన పాఠశాల వసతిగృహపు అరుగుమీద తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన అన్నగారి ఫోనును మోకాళ్ళమీద నుంచుకొని ఏదియో పాట వినుచు కూర్చుండియుండెను. ప్రక్కనుండి పోవుచున్న నేను ఆ రాగము చెవిని పడగనే నిలిచితిని. అది ఇంటర్నెట్టు రేడియో. ఆ పాటలు ఏ దేశమునుండి వచ్చుచున్నవో, ఎవరు పంపుచున్నారో ఆ బాలునికి తెలియదు. ఒక పాట ముగియుటతోడనే మఱొకటి, అది ముగియుటతోడనే ఇంకొకటి, నడుమ మాట యనునది లేకుండ సాగిపోవుచున్నవి. పాట చాల మెత్తగానున్నదనియు, లెక్కలు చేసికొనునపుడు వినుటకు హాయిగానుండుననియు, వ్రాసినవారి పేరు మాత్రము ఎచ్చటను చూపుటలేదనియు అతడు నాతో చెప్పెను. అది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాటయని నేను చెప్పితిని. ఆ పేరు తానెన్నడును వినలేదనెను. ఆనాటి ఉదయముననే ప్రార్థనా సమావేశమున తక్కిన పిల్లలతోగూడి అతడు పాడిన భారతమాతృస్తుతి ఆ కృష్ణశాస్త్రిగారిదే!

ఈ సంగతి నన్ను చాలదినములు విడువలేదు. నా చిన్నతనమున మా ఇంట తోలుసంచి తొడిగిన ట్రాన్సిస్టరు ఒకటి యుండెడిది. ఆకాశవాణి వారు లలితగీతమును వినిపించుటకు ముందు రచించినవారి పేరు, స్వరపఱచినవారి పేరు, పాడువారి పేరు వరుసగా చదివెడువారు. పాట నచ్చినను నచ్చకున్నను ఆ మూడు పేర్లు చెవిని పడక తప్పదు. అందుచే పాటలు రాకముందే మాకు పేర్లు కంఠస్థమైనవి. ఆ పేర్లలో తఱచుగా వినబడిన పేరు కృష్ణశాస్త్రిగారిది. ఆ పేరు నేటి పిల్లల చెవికి అందుట లేదని తెలిసికొన్నపిమ్మట, ఈ సంవత్సరపు సంచికకు వారి చరిత్రమును వ్రాయుట నా పనియని తోచినది. ఆయన ఒక మిషను హైస్కూలు ఉపాధ్యాయుడు కూడ నని చెప్పినచో మన పాఠకులు మఱింత శ్రద్ధతో చదువుదురని ఆశించుచున్నాను.

కృష్ణశాస్త్రిగారు 1897వ సంవత్సరము నవంబరు 1వ తేదీన గోదావరీమండలమున పిఠాపురము చెంతనున్న చంద్రంపాలెమున జన్మించిరి. తండ్రియు పెదతండ్రియు దేవులపల్లి సోదరకవులని పేరొందిన పండితులు. పిఠాపుర సంస్థానమున ఆస్థానకవులు. ఇల్లు ఎల్లప్పుడును పద్యములతోను, వాదములతోను, అతిథులతోను నిండియుండెడిది. అట్టి యింట పుట్టినవాడు పెద్దలు నడచిన బాటనే నడచి, రాజుల సభలలో అష్టావధానములు చేసి, శాలువలు కప్పించుకొని జీవింపవచ్చును. ఈయన బాట వేఱయ్యెను. అందుకు కారణము ముఖ్యముగా పాఠశాలయే. పిఠాపురపు హైస్కూలులో కూచి నరసింహముగారు ఆంగ్లకవుల రుచిని ఈ బాలునికి చూపిరి. తరువాత కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి ప్రభావము ఆయనపై పడెను.

ఈ నాయుడుగారిని గూర్చి రెండుమాటలు చెప్పక ముందుకు పోజాలను. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో డాక్టరు మిల్లరుగారి శిష్యులు. క్రైస్తవమతమును స్వీకరింపలేదు గాని, బ్రహ్మసమాజమున చేరి ఏకేశ్వరారాధనము, అంటరానితన నిర్మూలనము, అనాథపోషణము తమ జీవితవ్రతముగా చేసికొనిరి. తెల్లని వస్త్రములే ధరించెడువారు. ఒక ఉపాధ్యాయునినుండి మఱొక ఉపాధ్యాయునికి, అతనినుండి శిష్యునికి అగ్ని ఎట్లు అందునో చూడుడు! మద్రాసులో ఒక స్కాట్లండు మిషనరీ పంతులు వెలిగించిన దీపము కాకినాడ మీదుగా ఒక తెలుగుకవి హృదయమునకు చేరినది.

కృష్ణశాస్త్రిగారు 1918లో విజయనగరమున పట్టపరీక్ష ముగించుకొని, తిరిగివచ్చి పెద్దాపురము మిషన్ హైస్కూలులో ఉపాధ్యాయులైరి. ఆ కొలువు చాలకాలము సాగలేదు. బ్రహ్మసమాజపు పని, సాహిత్యపు పని ఆయనను తరగతిగదిలో నిలువనీయలేదు. ఒకచోట నిలిచి ఉద్యోగము చేయుట ఆయనకు చేతగాలేదనియే నా అభిప్రాయము. ఉపాధ్యాయునిగా నేను దీనిని మెచ్చుకొనజాలను. పాఠకునిగా మాత్రము విచారింపను.

1920వ సంవత్సరమున వైద్యము కొఱకు రైలులో బళ్ళారికి పోవుచుండగా, కిటికీగుండ కనబడిన అడవులును కొండలును ఆయన మనస్సును కదలించినవి. అప్పుడు పుట్టిన పద్యములు పెరిగి పెరిగి కృష్ణపక్షము అను కావ్యమైనవి. అది 1925లో వెలువడినది. ఈలోగా 1922లో ఆయన భార్య మరణించిరి. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లయినను నిండలేదు. ఆ దుఃఖము ఆయన కవిత్వమునకు ఒక నీడవలె అంటుకొని, తరువాత తిరిగి వివాహము చేసికొన్నను పోలేదు. తెలుగున భావకవిత్వమని పేరుపడిన ఆ క్రొత్తపోకడను కొందఱు నెత్తిన పెట్టుకొనిరి. మఱికొందఱు ఏడుపుకవిత్వమని హేళన చేసిరి. పొడవుజుట్టును, అంచు జాఱు ఉత్తరీయమును, విషాదపు చూపులను అనుకరించిన కుఱ్ఱవాండ్రు ఊరూరను పుట్టుకొనివచ్చిరన్నది నిజమే. అనుకరించినవారి తప్పును మూలపురుషునిపై మోపుట న్యాయము కాదు.

విషాదకవియని పేరుపొందిన ఈయన చేసిన మఱొకపనిని లోకము అంతగా తలంచుకొనదు. ఆ దినములలో కళావంతుల కుటుంబములలో పుట్టిన ఆడపిల్లలకు వివాహమును, గృహస్థజీవనమును సంఘము నిషేధించియుండెను. కృష్ణశాస్త్రిగారు అట్టి పిల్లలకు వివాహములు చేయించుటకు పూనుకొనిరి. దానిఫలముగా బంధువులు ఆయనను వెలివేసిరి. పండితకుటుంబమున పుట్టినవానికి వెలియనగా ఏమో మన పిల్లలకు తెలియకపోవచ్చును: శుభకార్యమునకు పిలుపు లేదు, చావునకు మోయువారు లేరు. పద్యమున కన్నీరు పెట్టుట సులభము. ఒకరి కన్నీరు తుడుచుటకై తన ఇంటితలుపు తానే మూసికొనుట సులభము కాదు. దీనిని ఆయన చేసిరి. చేసి దానిని గూర్చి గొప్పలు చెప్పుకొనలేదు.

ఆ సంవత్సరములలోనే ఆయన తెలుగుదేశమంతయు తిరిగిరి. చేతిలో పుస్తకము లేకుండ, మృదువైన కంఠముతో గంటలతరబడి పద్యములు చదివెడువారట. తమ పద్యములు మాత్రమే కాదు, తమ తోడికవుల పద్యములును చదివెడువారు. ఊరికి వచ్చి ఇతరుల కవిత్వమును వినిపించిపోయిన కవిని ఎవరైనను చూచితిరా? అచ్చుపుస్తకము కొనజాలని ఊళ్ళకు, పత్రిక చేరని ఊళ్ళకు క్రొత్తకవిత్వము చేరినది ఈ ఒక్క మనుష్యుని గొంతువలన. రేడియో రాకముందే తెలుగువారికి ఒక రేడియో యుండెనని నేను తరగతిలో అప్పుడప్పుడు చెప్పుచుందును.

1929లో ఆయన రవీంద్రనాథ ఠాకూరుగారిని దర్శించిరి. కవియే పాటలు కట్టి, దేశము దేశమంతయు పాడునట్లు చేయవచ్చునని అచ్చట కనులార చూచిరి. పద్యమునుండి పాటవైపు ఆయన మనస్సు మరలుటకు ఇదియు ఒక హేతువు కావచ్చును. 1933 మొదలు 1941 వఱకు కాకినాడ కళాశాలలో మరల అధ్యాపకులుగా నుండిరి. పిమ్మట మద్రాసు చేరిరి. అచ్చట బి.ఎన్.రెడ్డిగారి ప్రోత్సాహమున చలనచిత్రమునకు పాటలు వ్రాయ నారంభించిరి. 1951లో విడుదలయైన మల్లీశ్వరి పాటలు సాలూరు రాజేశ్వరరావుగారి సంగీతముతో, భానుమతిగారి గళమున, ఘంటసాలగారి గళమున తెలుగుదేశపు ప్రతి వీధిలోను మ్రోగినవి. ఇంతవఱకు చెప్పినదంతయు ఆయన జీవితమున ముందుభాగము. ఇక ఆ బాలుడు ఫోనులో వినిన పాటలు పుట్టిన చోటికి రావలెను.

మనదేశమున రేడియో ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పెదను. మన తొఱ్ఱూరు ఆనాడు నిజాము రాజ్యములోనిది. హైదరాబాదున 1935లో దక్కను రేడియో ఆరంభమైనది. దానిలో ఉర్దూ ప్రధానము, తెలుగునకు కొంచెము చోటు. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీన తెఱవబడినది. అందు తెలుగు, తమిళము రెండును వినవచ్చెడివి. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వచ్చినది. హైదరాబాదు కేంద్రము 1950లో ఆలిండియా రేడియోలో కలిసినది. రేడియో కలవారు తపాలాకార్యాలయమున ఏటేట లైసెన్సు రుసుము కట్టవలసియుండెను. ఊరికొక్క యంత్రమున్న చోట్ల దాని చుట్టును సాయంకాలము జనము గుమిగూడెడివారు.

1952లో కేంద్రప్రభుత్వమున సమాచారప్రసారశాఖకు మంత్రియైన కేస్కరుగారికి శాస్త్రీయసంగీతమనిన భక్తి, సినిమాపాటయనిన చిరాకు. ఆయన ఆజ్ఞవలన ఆలిండియా రేడియోలో సినిమాపాటలు మిక్కిలి తగ్గిపోయినవి. అంతట శ్రోతలు ఏమిచేసిరి? రాగాలాపనలు వినుచు కూర్చుండిరా? లేదు. ముల్లును త్రిప్పి రేడియో సిలోనును పట్టుకొనిరి! ద్వితీయ ప్రపంచయుద్ధమున సైనికుల కొఱకు సింహళమున నెలకొల్పిన బలమైన హ్రస్వతరంగ ప్రసారయంత్రము చేతిలో నుండుటచే, ఆ చిన్నద్వీపము మన దేశమంతటికిని సినిమాపాటలు వినిపింపగలిగెను. వినువాని చేతిలో ముల్లు ఉన్నంతకాలము అతనిని బలవంతముగా వినిపించుట సాధ్యము కాదని మంత్రిగారికి అప్పుడు తెలిసియుండును. నేడు ఇంటర్నెట్టు రేడియో వచ్చి ఆకాశవాణి శ్రోతలను లాగికొన్నదని విచారించువారు ఈ కథను తలంచుకొనుట మంచిది. శ్రోత పొరుగింటికి పోవుట ఇది మొదటిసారి కాదు.

పోయిన శ్రోతలను త్రిప్పి తెచ్చుటకై ఆకాశవాణి రెండు మార్గములు త్రొక్కినది. ఒకటి, 1957 అక్టోబరు 3వ తేదీన ఆరంభమైన వివిధభారతి. రెండవది లలితసంగీతము. శాస్త్రీయసంగీతమువలె సాధన చేసినవారికే రుచించునది కాక, సినిమాపాటవలె కథకు కట్టుబడినది కాక, మంచి కవిత్వమును తేలికైన బాణీలో పెట్టి, వీణ, వేణువు, వయొలిను, తబలావంటి కొద్ది వాద్యములతో నాలుగైదు నిమిషములలో ముగియునట్లు కూర్చిన పాట ఇది. తెలుగున ఈ విధమైన పాట అంతకుముందే మద్రాసు కేంద్రమునందును, గ్రామఫోను రికార్డులందును పుట్టియుండెను. బాలాంత్రపు రజనీకాంతరావుగారివంటివారు దానికి బాటలు వేసియుండిరి. దేశమంతట పేరుపొందిన సాహిత్యకారులను ఆకాశవాణి తన కొలువులోనికి పిలిచినప్పుడు, 1957లో, అరువదియవయేట కాలిడుచున్న కృష్ణశాస్త్రిగారు తెలుగు కార్యక్రమముల ప్రయోక్తగా చేరిరి.

ఒకచోట నిలువని మనుష్యునికి నిలుచుటకు తగినచోటు చివరకు దొరికినదని చెప్పవచ్చును. గీతములు, సంగీతనాటకములు, ప్రసంగములు ధారగా వెలువడినవి. శర్మిష్ఠ, ధనుర్దాసు, అతిథిశాల మొదలగు నాటికలు ఆయన రేడియోపనికి చెందినవే. గోదాదేవి తిరుప్పావును తెలుగుపాటలుగా మలచిరి. ధనుర్మాసపు చలిలో తెల్లవారకముందే అవి ఇండ్లలో వినబడెడివి. పాలగుమ్మి విశ్వనాథముగారివంటి స్వరకర్తలు లలితగీతములకు బాణీలు కట్టిరి. ఆయన మేనకోడండ్రు వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి సోదరీమణులు జానపదగేయములకును లలితగేయములకును పేరుపడినవారు. మనము ప్రతిదినము పాడుకొను భారతమాతృస్తుతికి బాణీ కూర్చినది అనసూయాదేవిగారే.

రేడియోకు పాట వ్రాయుట ఎంత కష్టమో కొంచెమాలోచింపుడు. చదువరి పద్యము అర్థము కాకున్న వెనుకకు పుట త్రిప్పును. సినిమాలో మాట అర్థము కాకున్న బొమ్మ చెప్పును. రేడియోలో పాట ఒక్కమాఱు గాలిలో పోవును, అర్థమైనంతయే. కావున మాట నాలుకకు మెత్తగా, చెవికి విడివిడిగా, మనస్సునకు వెంటనే తోచునట్లు ఉండవలెను. కృష్ణపక్షమున దీర్ఘసమాసములు అల్లిన చేయియే ఇప్పుడు వంటయింటిలో పనిచేసికొను తల్లికి, పొలమునుండి వచ్చిన రైతునకు, బడిపిల్లకు ఒక్కమాఱే అందు మాటలను ఏఱికూర్చినది. తేలికగా వినబడు పాట తేలికగా వ్రాయబడినదనుకొనుట పొరపాటు. లలితసంగీతమును నేపథ్యముగా వినిపించుకొనుచు లెక్కలు చేసికొను మన పిల్లలకు ఈ రహస్యము తెలియవలెను.

ఆకాశవాణివారు ఈ మాసపు పాట యను కార్యక్రమమున నెల పొడుగున ఒకే పాటను వినిపించుచుండిరి. మా ఇంటి దగ్గఱ నొక అక్క పెన్సిలును, పాతనోటుపుస్తకమును పట్టుకొని రేడియో ముందు కూర్చుండి, ఒక వారము పల్లవిని, మఱుసటివారము మొదటి చరణమును వ్రాసికొని, తప్పిపోయిన మాటలకు ఖాళీలు విడిచి, తరువాతి వారము వానిని పూరించెడిది. నెల ముగియునప్పటికి పాట ఆమెది. ఫోనులో ఇప్పుడు ఒక్కనిమిషమున మాటలు, బాణీ, వీడియో సమస్తము దొరకును. దొరకుట మంచిదే; వలదనను. కాని ఆ నోటుపుస్తకములో ఖాళీగా విడిచిన మాటకొఱకు వారమంతయు ఎదురుచూచిన చెవి ఎట్టిదో ఆ యక్కకు తెలియును, నాకు తెలియును.

ఇక ఆయన జీవితమున మిక్కిలి కఠినమైన ఘట్టము. 1963లో కంఠమునకు క్యాన్సరు వ్యాధి సోకినది. ప్రాణము దక్కినది, కంఠము దక్కలేదు. ఏ గొంతుతో ఆయన తెలుగుదేశమంతయు తిరిగి కవిత్వమును పంచిపెట్టెనో, ఏ గొంతును వినుటకై సభలు నిండెడివో ఆ గొంతు ఒక్కసారిగా మూగవోయినది. అప్పటికాయనకు అరువదియైదేండ్లు. పిమ్మట పదునేడు సంవత్సరములు జీవించిరి, ఒక్కమాట పలుకలేదు. ఎవరైనను ఇంటికి వచ్చినచో కాగితముమీద వ్రాసి మాటలాడెడివారు. హాస్యము, కోపము, కుశలప్రశ్న, పాటకు సవరణ, అన్నియు ఆ కాగితముమీదనే.

లూకా సువార్తయందు జెకర్యాయను యాజకుని కథ మన పిల్లలందఱకు తెలిసినదే. మాట పడిపోయి, బిడ్డకు పేరుపెట్టవలసిన దినమున వ్రాతపలక నడిగి దానిపై వ్రాసినవాడు. ఆ దినముననే అతని నాలుక సడలినది. కృష్ణశాస్త్రిగారి నాలుక సడలలేదు. ఆయన పలక ఆయన చేతిలోనే యుండెను. మనకు జలుబు చేసి ఒక్కదినము గొంతు రాసినచో తరగతిలో ఎంత విసుగుకొందుమో ఉపాధ్యాయులమైన మనకు తెలియును. గొంతుతోనే లోకమునకు పరిచితుడైనవాడు పదునేడేండ్లు నిశ్శబ్దముగా ఎట్లుండెనో ఊహించుటకు నాకు ధైర్యము చాలదు.

అయినను విచిత్రమేమనగా, గొంతు పోయినపిమ్మటనే ఆయన పాట మఱింత దూరము పోయినది. 1968లో వచ్చిన సుఖదుఃఖాలు, ఉండమ్మా బొట్టు పెడతా, 1969లో వచ్చిన ఏకవీర, బంగారు పంజరం మొదలగు చిత్రములకు పాటలు వ్రాసిరి. సుశీలగారు, జానకిగారు, ఘంటసాలగారు, బాలసుబ్రహ్మణ్యముగారు ఆయన మాటలను పాడిరి. ఆయన కాగితముపై వ్రాయును. మఱొకరి గొంతు పలుకును. రేడియో దానిని ఇంటింటికి మోయును. దూరపు పల్లెలో వినువానికి, వ్రాసినవాడు మాటలాడజాలడను సంగతి తెలియనే తెలియదు. రేడియో మనుష్యునికి చేసిన ఉపకారములలో దీనికి మించినది నాకు కనబడదు.

1975లో ఆంధ్రవిశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును, 1976లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదమును ఇచ్చినవి. 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఇవి ఆయనకు వినబడినవి, ఆనందమును కాగితముపై తెలిపియుండును. ఆయన కుమారుడు బుజ్జాయిగారు పిల్లల బొమ్మలకథలకు ప్రసిద్ధులు. ఉపాధ్యాయుడైన ఈ తండ్రి తన కుమారుని పాఠశాలకు పంపక తనవెంట త్రిప్పుకొని పెంచెను! ఈ వాక్యమును చదివి మన విద్యార్థులు ఇంట పేచీ పెట్టకుందురు గాక.

1980 ఫిబ్రవరి 24వ తేదీన కృష్ణశాస్త్రిగారు మద్రాసులో పరమపదించిరి. రెండేండ్ల తరువాత, 1982లో వచ్చిన మేఘసందేశం చిత్రమున ఆయన పాటలు వినబడినవి. ఆ చిత్రసంగీతమునకు రమేశ్ నాయుడుగారికి జాతీయ బహుమానము వచ్చినది. వ్రాసినవాడు లేడు, పాట క్రొత్తగా బయలుదేరినది.

ఇప్పుడు ఇంటర్నెట్టు రేడియో విషయము. దీని పనితీరు పాతరేడియోకు పూర్తిగా వేఱు. ఆకాశవాణి ప్రసారస్తంభమునుండి వెలువడిన తరంగము వినువారు పదిమందియైనను పదిలక్షలమందియైనను ఒక్కటే; ఇంకొక యంత్రము మీటినందువలన స్తంభమునకు అదనపు బరువు లేదు. కాని ఆ తరంగమునకు హద్దు కలదు. పగలు దూరమునకు పోవు మధ్యతరంగము కొంచెము, రాత్రి ఆకాశపు పైపొరలను తాకి మరలివచ్చునది ఎక్కువ. మన పెద్దలు రాత్రివేళ దూరపు కేంద్రములను పట్టుకొనగలిగినది అందువలననే. మన సంఘమువారి ఇండ్లలో సీషెల్సు దీవులనుండి ఫీబా రేడియోవారు హ్రస్వతరంగముపై పంపిన తెలుగు క్రైస్తవగీతములను చెవియొగ్గి వినిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. 2003లో ఆ ప్రసారము ఆ దీవులనుండి ఆగిపోయినది. ఇంటర్నెట్టు రేడియోకు హద్దు లేదు. శబ్దమును అంకెలుగా మార్చి, చిన్న చిన్న మూటలుగా కట్టి, అడిగిన ప్రతివానికిని విడివిడిగా పంపవలెను. అమెరికాలో నున్న తెలుగు కుటుంబము తొఱ్ఱూరులోని బాలుడు వినిన పాటనే వినవచ్చును. కాని శ్రోతలు పెరిగినకొలది పంపువారికి ఖర్చు పెరుగును; వినువానికి డేటా ఖర్చగును; సిగ్నలు లేనిచోట పాట నడుమ ఆగును.

ఆకాశవాణియు ఊరకయుండలేదు; తన కేంద్రముల ప్రసారములను యాపుద్వారా ఫోనునకు పంపుచున్నది. కావున పాతది, క్రొత్తది యని రెండు సైన్యములుగా విభజించుట సరికాదు. నాకు ఫిర్యాదు ఒక్కటే. ఎడతెగక మెత్తనిపాటలు వినిపించు స్టేషనులు పెక్కింటిలో మనుష్యుని గొంతు లేదు. సాయంకాలమని గాని, వానకాలమని గాని, ఈ దినము ఫలానావారి వర్ధంతియని గాని చెప్పువారు లేరు. యంత్రము పాటలను వరుసగా పేర్చును. గాయకుని పేరు ఒకప్పుడు తెరమీద కనబడును. స్వరకర్త పేరు అరుదు. కవిపేరు మఱింత అరుదు. పదునేడేండ్లు కాగితముపైననే బ్రతికినవాని పేరును కాగితమంత చోటులోనైనను చూపకుండుట నాకు కష్టముగా తోచినది. ఇది చేయుటకు ఖర్చేమియు లేదు.

ఈ మాటలను ఉపాధ్యాయుల గదిలో నేను చెప్పినప్పుడు ఒక పెద్దాయన నవ్వి, మన ప్రార్థనా సమావేశమున మాత్రము మనము పేరు చెప్పుచున్నామా అని అడిగిరి. నాకు జవాబు తోచలేదు. ఎన్నో సంవత్సరములనుండి పిల్లలు వరుసలో నిలుచుట, హార్మనీ పెట్టె శ్రుతి పట్టుట, పాట ఎత్తుకొనుట, అంతే. తప్పు యంత్రములో మాత్రమే కలదని తలంచితిని.

జూను నెలలో పాఠశాల తెఱచినది మొదలు, స్తుతిగీతము ఎత్తుకొనుటకు ముందు ఒక విద్యార్థి ముందుకు వచ్చి రచించినవారి పేరును, స్వరపఱచినవారి పేరును చదువుచున్నాడు. మొదటిదినమున ఆ పనికి నేను పిలిచినది ఆ అరుగుమీది బాలునే. ఇప్పుడతడు పదవ తరగతి. కాగితము చేత పట్టుకొని వచ్చి, దేవులపల్లి యనుచోట రెండుమాఱులు తడబడి, మూడవమాఱు సరిగా పలికి, వింజమూరి అనసూయాదేవిగారి పేరును మాత్రము కాగితము చూడకయే చెప్పి, పరుగున పోయి తన వరుసలో నిలుచుండెను. హార్మనీవాయించు అమ్మాయి శ్రుతి పట్టినది.